నర్సమ్మ ఎలా తయారవుతుంది?

ఒక ఊళ్ళో ఒక అమ్మాయి ఇంటర్ పాసైంది. "నర్సు కోర్సులో చేరతాను" అంది. ఇంట్లో తలా ఒక మాట అన్నారు.

"ఊళ్ళోవాళ్ళ పుండ్లు కడిగే పని మనకెందుకే?" అంది నాయనమ్మ.

"రాత్రి డ్యూటీలు ఉంటాయంట. రేపు సంబంధాలు ఎట్లా వస్తాయి?" అంది మేనత్త.

"నెత్తురు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి దీనికి. ఇదేం నర్సు పని చేస్తది?" అన్నాడు నాన్న.

తల్లి మాత్రం ఏమీ అనలేదు. ఆలోచనలో పడింది.

ఇలాంటి మాటలు చాలా ఇళ్ళలో వినిపిస్తాయి. వీటిలో కొన్ని నిజమైన భయాలు. కొన్ని తెలియక అనే మాటలు. నర్సు పని అంటే ఏమిటి? ఆ పని చేసే మనిషిలో ఏ మార్పు వస్తుంది? ఆ మార్పు మంచిదేనా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

మొదటి పాఠం సూది కాదు

నర్సు చదువులు ముఖ్యంగా మూడు రకాలు. ఏఎన్ఎమ్ కోర్సు రెండేళ్ళు. జీఎన్ఎమ్ కోర్సు మూడేళ్ళు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. ఇంటర్ పాసైన వాళ్ళు వీటిలో చేరవచ్చు. బీఎస్సీకి మాత్రం ఇంటర్‌లో సైన్సు చదివి ఉండాలి. ఇప్పుడు మగపిల్లలు కూడా నర్సు చదువు చదువుతున్నారు.

నర్సు అంటే సూది వేసే మనిషి అని చాలామంది అనుకుంటారు. కాని కోర్సులో మొదట నేర్పేది సూది వేయడం కాదు. చేతులు కడుక్కోవడం! "ఇది కూడా ఒక పాఠమేనా?" అని కొత్త పిల్లలు నవ్వుకుంటారు. అరచేతులు, చేతుల వెనక, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళ కొసలు. అన్నీ సబ్బుతో రుద్దాలి. దగ్గర దగ్గర నిమిషం పడుతుంది. రోగిని ముట్టుకునే ముందు కడుక్కోవాలి. ముట్టుకున్నాకా కడుక్కోవాలి. ఎందుకు? కంటికి కనిపించని క్రిములు చేతుల మీదుగానే ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోతాయి. రోగం తగ్గించడానికి వచ్చిన చెయ్యి రోగం అంటించకూడదు.

తర్వాత పక్క పరవడం నేర్పుతారు. రోగి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చాలి. రోగిని మెల్లగా ఒక పక్కకు తిప్పాలి. పాత దుప్పటి చుట్టాలి. కొత్తది పరవాలి. మళ్ళీ రెండో పక్కకు తిప్పాలి. దుప్పటిలో ఒక్క ముడత కూడా ఉండకూడదు. ఎందుకు? కదలలేని మనిషికి ఆ ముడత ఒరుసుకుంటుంది. ఒరుసుకున్న చోట పుండు పడుతుంది.

చేతులు కడగడం, పక్క పరవడం, ఒళ్ళు తుడవడం, అన్నం తినిపించడం. ఇవన్నీ ఆడవాళ్ళు ఇళ్ళలో రోజూ చేసే పనులే. ఇంట్లో వీటిని ఎవరూ పని అనరు. నర్సు చదువులో ప్రతి పనికీ ఒక 'ఎందుకు' నేర్పుతారు. 'ఎందుకు' తెలిసి చేసే పని వేరు. మార్పు ఇక్కడే మొదలవుతుంది.

అసహ్యం ఎటు పోతుంది?

మొదట్లో కొత్త పిల్లలకు అన్నం సయించదు. చీము వాసన చేతులకు అంటుకుని ఉన్నట్టే ఉంటుంది. కట్టు విప్పుతుంటే కొందరికి కళ్ళు తిరుగుతాయి. గోడ పట్టుకుని కూలబడతారు. "మాకూ మొదట్లో ఇట్లాగే అయ్యింది. కూర్చో. కాసిని మంచినీళ్ళు తాగు" అంటారు పెద్ద సిస్టర్లు.

కొన్ని నెలలు గడుస్తాయి. వాసన అదే. నెత్తురు అదే. మారేది చూసే మనిషి. మొదట్లో పుండు ఒక్కటే కనిపిస్తుంది. పోను పోను పుండు వెనక మనిషి కనిపిస్తాడు.

మంచంలోనే విరేచనమైపోయిన ముసలాయన గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఎవరినీ పిలవడు. ఎందుకు? సిగ్గు. పరాయి ఆడపిల్ల తన ఒళ్ళు కడగాలి కదా అని బాధ. ఆ సిగ్గు కనిపెట్టిన నర్సుకు ఇక వాసన మీద ధ్యాస ఉండదు. ముందు అడ్డుతెర లాగుతుంది. "ఏం తాతా, రాత్రి నిద్ర పట్టిందా?" అని పలకరిస్తుంది. మాటల్లోనే పని ముగిస్తుంది. ఆయన ఒళ్ళు శుభ్రమవుతుంది. ఆయన మర్యాదా నిలుస్తుంది.

పసిబిడ్డ మలమూత్రాలు ఎత్తే తల్లికి అసహ్యం ఉండదు. అది కడుపుతీపి. కాని ఈ ముసలాయన నర్సుకు ఏమవుతాడు? ఏమీ కాడు. ఆయన కులం ఆమె అడగదు. మతం అడగదు. మంచివాడో చెడ్డవాడో ఆమెకు తెలియదు. అయినా చేస్తుంది. పరాయి మనిషిని తన మనిషిలా చూసుకోవడం ఈ పనిలో వచ్చే పెద్ద మార్పు.

మన దేశంలో అంటు, ముట్టు అనే మాటలు ఎంత పాతవో మనకు తెలుసు. ఎవరు ఎవరిని ముట్టుకోవాలి, ఎవరు ముట్టుకోకూడదు అని లెక్కలు కట్టారు. పురుడు పోసిన చేతుల్ని మైల అన్నారు. అందుకే ఒకప్పుడు చాలా కుటుంబాలు ఆడపిల్లల్ని నర్సు పనికి పంపలేదు. వార్డులో ఆ లెక్కలు చెల్లవు. నొప్పికి కులం లేదు. నెత్తురుకు కులం లేదు.

చూపు మారుతుంది

మనం రోగిని చూసి "నీరసంగా ఉన్నాడు" అంటాం. నర్సు అంతటితో ఆగదు. పెదవుల రంగు చూస్తుంది. గోళ్ళ రంగు చూస్తుంది. నాలుక ఎండిందా అని చూస్తుంది. నాడి పట్టుకుని లెక్కపెడుతుంది. పెద్దవాళ్ళకు నాడి నిమిషానికి 60 నుంచి 100 దాకా కొట్టుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. పసివాడికి దగ్గు, జలుబు. "జలుబే కదా, అదే తగ్గుతుంది" అనుకుంటారు ఇంట్లో. నర్సమ్మ బిడ్డ చొక్కా పైకెత్తుతుంది. గడియారం చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెడుతుంది. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడే లెక్కపెట్టాలి. ఏ వయసుకు ఎంత లెక్క?

రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60 సార్లు, అంతకు పైన ఉంటే ప్రమాదం.
రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 సార్లు, అంతకు పైన ఉంటే ప్రమాదం.
ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు బిడ్డకు 40 సార్లు, అంతకు పైన ఉంటే ప్రమాదం.

ఊపిరి పీల్చేటప్పుడు బిడ్డ డొక్కలు లోపలికి పోతుంటే ఇంకా ప్రమాదం. అది నిమోనియా కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇంట్లో అందరూ ఆ బిడ్డనే చూస్తూ ఉన్నారు. కాని లెక్కపెట్టింది నర్సమ్మ ఒక్కతే. చూడటం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

రాయకపోతే చేయనట్టే

ఆసుపత్రిలో ప్రతి మంచం దగ్గరా ఒక కేస్ షీటు ఉంటుంది. జ్వరం ఎంత? బీపీ ఎంత? ఏ మందు ఇచ్చారు? ఎన్ని గంటలకు ఇచ్చారు? మూత్రం ఎంత పోశాడు? అన్నీ అందులో రాయాలి. రాసినవాళ్ళు సంతకం పెట్టాలి. "రాయకపోతే చేయనట్టే" అని నర్సులు ఒక మాట చెప్పుకుంటారు.

ఎందుకంత పట్టుదల? పొద్దుటి డ్యూటీ నర్సు ఒక మందు ఇచ్చింది. రాయడం మరిచిపోయి ఇంటికి వెళ్ళింది. మధ్యాహ్నం వచ్చిన నర్సు షీటు చూసింది. మందు ఇవ్వలేదనుకుంది. మళ్ళీ ఇచ్చింది. ఒకే మందు రెండుసార్లు పడింది. కొన్ని మందులు అలా పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఒక్క గీత రాయకపోతే ఎంత పని జరిగింది!

అందుకే నర్సుకు రాత అలవాటవుతుంది. సమయం చూడటం అలవాటవుతుంది. "నిన్నెప్పుడో ఇచ్చాం" అనే మాట ఆమెకు నచ్చదు. "ఎన్ని గంటలకు? ఎన్ని మాత్రలు?" అని అడుగుతుంది. ఇంట్లోవాళ్ళు విసుక్కున్నా ఆ అలవాటు పోదు.

దీపం పట్టిన చెయ్యి, లెక్క రాసిన చెయ్యి

నర్సుల గురించి చెప్పేటప్పుడు అందరూ తలిచే పేరు ఫ్లోరెన్స్ నైటింగేల్. ఈమె ఇంగ్లండు దేశస్థురాలు. 1820 మే 12న పుట్టింది. బాగా డబ్బున్న కుటుంబం. "నేను నర్సునవుతాను" అంటే తల్లి, అక్క ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో అక్కడ కూడా నర్సు పని అంటే చిన్నచూపే. ఆమె ఎన్నో ఏళ్ళు పట్టుబట్టింది. 1851లో జర్మనీ వెళ్ళి కొన్ని నెలలు పని నేర్చుకుంది.

1854లో రష్యాతో యుద్ధం జరుగుతోంది. దెబ్బలు తిన్న ఇంగ్లండు సైనికుల్ని టర్కీ దేశంలోని స్కుటారి ఆసుపత్రికి తెచ్చేవారు. నైటింగేల్ 38 మంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళింది. అక్కడ నేలంతా మురికి. ఎలుకలు. ఆసుపత్రి కింద మురుగు కాలువలు నిండిపోయి ఉన్నాయి. ఆమె రాత్రిళ్ళు దీపం పట్టుకుని వార్డుల్లో తిరిగేది. అందుకే 'దీపధారిణి' అని పేరు వచ్చింది.

చాలా పుస్తకాల్లో కథ ఇక్కడితో ఆగిపోతుంది. అసలు మార్పు ఆ తర్వాత వచ్చింది. ఆమె ఎంత ప్రేమగా చూసినా ఆ చలికాలంలో సైనికులు చనిపోతూనే ఉన్నారు. 1855 మార్చిలో ప్రభుత్వం పంపిన ఒక బృందం వచ్చింది. మురుగు కాలువలు బాగుచేయించింది. గోడలకు సున్నం వేయించింది. గాలి ఆడేలా చేసింది. తర్వాత చావులు బాగా తగ్గాయి.

నైటింగేల్ 1856లో ఇంటికి తిరిగి వచ్చింది. కాని ఊరుకోలేదు. అంతమంది ఎందుకు చనిపోయారు? లెక్కలు తీసింది. గాయాల వల్ల పోయినవాళ్ళు తక్కువ. శుభ్రత లేక వచ్చిన రోగాల వల్ల పోయినవాళ్ళే ఎక్కువ. ఆ లెక్కల్ని చదవలేనివాళ్ళు కూడా చూసి తెలుసుకునేలా రంగు బొమ్మలు గీయించింది. వాటిని మంత్రుల ముందు పెట్టింది. జాలి ఒక్కటే చాలదు, లెక్క కూడా కావాలి. నర్సు పని ఆమెకు నేర్పింది ఇదే.

యుద్ధంలో తగిలిన జబ్బు ఆమెను వదలలేదు. ఎన్నో ఏళ్ళు మంచం మీద ఉండే పని చేసింది. 1860లో లండన్‌లో ఆమె పేరు మీద నర్సుల బడి మొదలైంది. ఆమె మన దేశానికి ఎప్పుడూ రాలేదు. అయినా ఇక్కడి మురుగు గురించి, కరువు గురించి రాసింది. గోదావరి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొరతో ఉత్తరాలు నడిపింది. కరువు పోవాలంటే పొలాలకు నీళ్ళు కావాలని వాదించింది. 1910లో తన 90వ ఏట కన్నుమూసింది. ఆమె పుట్టిన రోజును ప్రపంచమంతా నర్సుల దినంగా జరుపుకుంటారు.

నోరు లేచే ధైర్యం

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. మన ఊరి నర్సమ్మ ఏఎన్ఎమ్. మైదానంలో అయిదు వేల మందికి ఒక ఉపకేంద్రం ఉండాలి. కొండ ప్రాంతంలో మూడు వేల మందికి ఒకటి ఉండాలి. టీకాలు, గర్భిణులకు పరీక్షలు, బాలింతలను చూడటం, జ్వరాల లెక్క. అన్నీ ఆమె పనే.

ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె చిన్న పిల్ల. ఊళ్ళో పెద్దమనుషుల ముందు గొంతు పెగలదు. బాలింత బొడ్డుకు బూడిద రాస్తుంటే చూస్తుంది. చెప్పడానికి జంకుతుంది. "మాకు తెలియదా? నువ్వెంతమందిని కన్నావమ్మా?" అని ముసలమ్మలు గదమాయిస్తారు.

కొన్నేళ్ళకు ఆమె మారుతుంది. ఎలా? బొడ్డుకు చీము పట్టిన బిడ్డల్ని చూసింది. విరేచనాలైతే నీళ్ళు ఆపేసిన పిల్లలు వాడిపోవడం చూసింది. చూసినకొద్దీ జంకు పోతుంది.

"అవ్వా, బొడ్డుకు ఏమీ పెట్టొద్దు. పొడిగా ఉంచండి చాలు" అంటుంది.

"విరేచనాలైతే నీళ్ళు ఆపొద్దు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచాలు తల కొట్టి కొలవండి. కొంచెం కొంచెంగా తాగించండి. తల్లిపాలు ఆపొద్దు" అంటుంది.

"పదిహేడేళ్ళ పిల్లకు పెళ్ళేంటి?" అని కూడా అడుగుతుంది.

అందరూ వింటారా? వినరు. కొందరు తిడతారు. కాని అర్ధరాత్రి నొప్పులు మొదలైతే ఆ తిట్టినవాళ్ళే వచ్చి తలుపు కొడతారు. అప్పుడు ఆమె పాత మాటలు తవ్వుకోదు. 108కి ఫోన్ చేయిస్తుంది. కార్డు తీసుకుని వెంట నడుస్తుంది. ఊళ్ళో మగవాళ్ళు కూడా ఆమెను "నర్సమ్మగారూ" అని పిలుస్తారు. ఆ 'గారు' ఆమెకు ఊరికే రాలేదు.

సొంత ఇంట్లో కూడా మార్పు వస్తుంది. జీతం చేతికి వస్తుంది. బ్యాంకు పుస్తకం తన పేరున ఉంటుంది. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ముందు ఆమెనే అడుగుతారు. కాని బరువు కూడా పెరుగుతుంది. డ్యూటీ నుంచి వచ్చాక పొయ్యి వెలిగించేది మళ్ళీ ఆమే. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రపోతే "పగలు పడుకుంటుంది" అని ఆడిపోసుకునేవాళ్ళూ ఉంటారు.

మనసు రాయి అవుతుందా?

"రోజూ చావులు చూసి చూసి వాళ్ళకు మనసు బండబారుతుంది" అని కొందరు అంటారు. నిజమేనా?

మొదటి చావు ఏ నర్సూ మరిచిపోదు. నిన్న తనతో మాట్లాడిన మనిషి ఇవాళ లేడు. కళ్ళు మూయాలి. ఒళ్ళు తుడవాలి. గుడ్డ కప్పాలి. ఆ పని చేస్తూ చేతులు వణుకుతాయి. బాత్‌రూములోకి వెళ్ళి ఏడుస్తుంది. ఇంతలో పక్క మంచం రోగి "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అంటాడు. కళ్ళు తుడుచుకుని వెళ్ళాలి. అక్కడే కూర్చుని ఏడిస్తే ఈ రోగి ఏమవ్వాలి?

ఇలా దుఃఖాన్ని పక్కన పెట్టి పని చేయడం ఆమె నేర్చుకుంటుంది. చూసేవాళ్ళకు అది రాతి మనసులా కనిపిస్తుంది. రాయి కాదు. కట్ట లాంటిది. చెరువుకు కట్ట ఉంటేనే నీళ్ళు నిలుస్తాయి. పదిమందికి పనికి వస్తాయి. కట్ట తెగితే ఎవరికీ దక్కవు.

అయితే నిజంగానే బండబారిన నర్సులు లేరా? ఉన్నారు. కసురుకునేవాళ్ళు, డబ్బు ఆశించేవాళ్ళు, పురిటినొప్పులు పడుతున్న ఆడమనిషిని నానా మాటలు అనేవాళ్ళు ఉన్నారు. అది తప్పే. రోగిని తిట్టే హక్కు ఎవరికీ లేదు. అలా జరిగితే పై అధికారికి చెప్పవచ్చు. రాసి ఇవ్వవచ్చు. కాని ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. నలభై మంది రోగులున్న వార్డులో రాత్రంతా ఒక్కతే నర్సు ఉంటే ఏమవుతుంది? ఎవరి దగ్గరా రెండు నిమిషాలు నిలబడలేదు. నిలబడలేని చోట మాట కరుకవుతుంది. మంచి మనసుంటే సరిపోదు. సరిపడా మనుషులు ఉండాలి. సరైన జీతం ఉండాలి.

42 ఏళ్ళ సేవ

ముంబయిలో కెయీఎమ్ ఆసుపత్రి ఉంది. అక్కడ అరుణా షాన్‌బాగ్ అనే నర్సు పనిచేసేది. కర్ణాటకలోని హల్దీపూర్ ఆమె సొంత ఊరు. పెళ్ళి కుదిరింది. 1973 నవంబరు 27న అదే ఆసుపత్రిలో పనిచేసే ఒకడు ఆమె మీద దాడి చేశాడు. అత్యాచారం చేశాడు. గొలుసుతో గొంతు బిగించాడు. మెదడుకు రక్తం అందలేదు. ఆమె మళ్ళీ మామూలు మనిషి కాలేదు. మాట లేదు. నడక లేదు. నేరం చేసినవాడు ఏడేళ్ళ శిక్షతో బయటపడ్డాడు. ఆమె 42 ఏళ్ళు మంచం మీదే ఉంది.

ఆమెను ఎవరు చూశారు? ఆ ఆసుపత్రి నర్సులే చూశారు. మెత్తగా చేసిన అన్నం తినిపించారు. ఒళ్ళు తుడిచారు. బట్టలు మార్చారు. పక్కకు తిప్పి పడుకోబెట్టారు. పాత నర్సులు రిటైరయ్యారు. కొత్తవాళ్ళు వచ్చారు. అరుణ ఉద్యోగం చేసినప్పుడు పుట్టని పిల్లలు కూడా నర్సులై వచ్చి ఆమెకు సేవ చేశారు. అన్నేళ్ళూ ఆమెకు పడక పుండ్లు పడకుండా చూశారు. మంచాన పడ్డ మనిషిని చూసుకున్న ఆడవాళ్ళకు ఇది ఎంత పనో తెలుస్తుంది.

"ఆమెను ఇలా బతికించడం కంటే ప్రశాంతంగా పోనివ్వండి" అని ఒక రచయిత్రి సుప్రీం కోర్టుకు వెళ్ళింది. ఆమె కూడా అరుణ బాధ చూడలేకే అడిగింది. నర్సులు ఒప్పుకోలేదు. 'మేము చూసుకుంటాం' అన్నారు. 2011 మార్చి 7న కోర్టు నర్సుల మాట మన్నించింది. వాళ్ళ సేవను మెచ్చుకుంది. 2015 మే 18న అరుణ నిమోనియాతో కన్నుమూసింది.

ఆ నర్సులు ఆమెకు చుట్టాలు కారు. మొదట డ్యూటీగా చేశారు. చేస్తూ చేస్తూ ఆమె వాళ్ళ మనిషి అయిపోయింది. ప్రేమ ఉంటేనే సేవ చేస్తారని మనం అనుకుంటాం. సేవ చేయగా చేయగా కూడా ప్రేమ పుడుతుంది.

చప్పట్లు, చిన్నచూపు

2020లో కరోనా వచ్చింది. రోగి దగ్గరికి సొంత పిల్లలు కూడా పోలేని రోజులు. నర్సులు ఒళ్ళంతా కప్పే ప్లాస్టిక్ బట్టలు వేసుకున్నారు. గంటల తరబడి నీళ్ళు తాగకుండా పనిచేశారు. ఫోనులో రోగికి ఇంట్లోవాళ్ళను చూపించారు. ఎందరో నర్సులు ఆ జబ్బుతోనే పోయారు. 2020 మార్చి 22న దేశమంతా వాళ్ళ కోసం చప్పట్లు కొట్టింది. ఆ రోజుల్లోనే కొన్ని చోట్ల నర్సుల్ని అద్దె ఇళ్ళు ఖాళీ చేయమన్నారు.

నర్సు పనిలో ఒళ్ళు కూడా అరుగుతుంది. రోగుల్ని లేపి, తిప్పి నడుము నొప్పి వస్తుంది. గంటల కొద్దీ నిలబడి కాళ్ళ నరాలు ఉబ్బుతాయి. రాత్రి డ్యూటీల వల్ల నిద్ర చెడుతుంది. వాడిన సూది గుచ్చుకుంటే రోగాలు అంటే భయం ఉంది. ఇదంతా తెలిసే ఈ పనిలోకి రావాలి. పంపేవాళ్ళు తెలిసే పంపాలి. నర్సును దేవత అని దండ వేస్తే చాలదు. దేవతకు జీతం అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు. నర్సు మనిషి. ఆమెకు రెండూ కావాలి.

తెలుసుకున్నది ఏమిటి?

పుట్టుకతో ఎవరూ నర్సు కారు. నెత్తురు చూసి కళ్ళు తిరిగిన పిల్లే కట్టు కడుతుంది. గొంతు పెగలని పిల్లే ఊరి పెద్దకు ఎదురు చెబుతుంది. ఆడదానికి సేవ పుట్టుకతో వస్తుంది అనే మాట నిజం కాదు. సేవ ఒక విద్య. నేర్చుకుంటే వస్తుంది. నేర్చుకున్న విద్యకు విలువ కట్టాలి. ఆ విద్యను మగవాళ్ళూ నేర్చుకోవచ్చు, ఇంట్లో కూడా.

మాటలు – అర్థాలు

కేస్ షీటు: రోగి వివరాలు, ఇచ్చిన మందులు రాసే కాగితం
పడక పుండ్లు: ఒకే పక్కన పడుకుని ఉండటం వల్ల ఒంటికి పడే పుండ్లు
ఉపకేంద్రం: ఊరి దగ్గర ఉండే చిన్న ఆరోగ్య కేంద్రం
బండబారడం: మనసులో జాలి లేకుండా పోవడం

చేసి చూడండి

1. మీ నాడి పట్టుకుని నిమిషంలో ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టండి. రాయండి.
2. ఇంట్లో మంచాన పడ్డవాళ్ళు ఉంటే రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. వీపు, నడుము, మడమలు ఎర్రబడ్డాయేమో చూడండి.
3. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఒక కాగితం మీద తేదీ, సమయం, ఇచ్చిన మందు రాయండి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం తీసుకువెళ్ళండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా!

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. నర్సు పని అంటే మన ఊళ్ళో చిన్నచూపు ఉందా? ఎందుకు?
2. మనసు గట్టిపడటం వేరు, బండబారడం వేరు. తేడా ఏమిటి?
3. అరుణ విషయంలో నర్సుల మాట సరైనదా? రచయిత్రి మాట సరైనదా? ఎందుకు?
4. ఇంట్లో రోగుల్ని చూసుకునే పని ఎవరు చేస్తున్నారు? మగవాళ్ళు ఏ పని పంచుకోవచ్చు?
5. మీరు చేసే పని మిమ్మల్ని ఎలా మార్చింది? అయిదు వాక్యాలు రాయండి.